అడగడం రాని బిడ్డ

డాక్టర్ కౌండిన్య సూది పట్టుకున్నాడంటే నరాలు వాటంతటవే లేచి నిలబడేవి. దోమకాలికి సెలైన్ ఎక్కించమన్నా ఎక్కించి, చేతులు కడుక్కుని టిఫినుకి వెళ్ళగల ఘటం. అలాంటివాడికి ఆ ఉదయం కేసు షీటు చూడగానే చిర్రెత్తుకొచ్చింది.

నూకరత్నం కొడుకు ఏడోనెలలోనే పుట్టేశాడు. పుట్టినప్పటి బరువు కిలోకి వంద గ్రాములు తక్కువ. ఐదోరోజున మడమ గుచ్చి థైరాయిడ్ పరీక్షకి రక్తం తీసింది కౌండిన్యే. అంతా బాగుందని రాసిందీ తనే. నెల తిరిగేసరికి, అదే పరీక్ష మళ్ళీ చెయ్యమని ఎర్రసిరాతో రాసిపెట్టారు మార్తమ్మగారు.

మార్తమ్మగారంటే ఆ పసిపిల్లల వార్డుకి పెద్ద డాక్టరు, కౌండిన్యకి గురువు. ఆవిడ చేతిమీదుగా బతికి బయటపడ్డ పిల్లలంతా ఒక్కసారి రోడ్డెక్కితే ఊళ్ళో బస్సులు ఆగిపోతాయి.

నూకరత్నం అద్దం తలుపు దగ్గర నిలబడి బతిమాలింది. "మళ్ళీ గుచ్చుతారా బాబూ? వాడి ఒంట్లో ఉన్నదే గరిటెడు నెత్తురు."

ఆ మాటతో బలం పుంజుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు కౌండిన్య.

"మేడమ్, థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యకపోతే మెదడు దానిమీద కేకలేస్తుంది. ఆ కేకే కదా మనం రక్తంలో చూసేది. కేక లేదు. నేను స్వయంగా చూశాను."

"నువ్వు చూశావంటే ఇంక తిరుగేముంది," అన్నారావిడ. "సరే, పాలవేళయింది. ఎవరికి ఆకలేస్తోందో చూసి చెప్పు, పట్టిద్దాం."

ఓ మూల నెలలు నిండి పుట్టిన బొద్దుపిల్ల పైకప్పు లేచిపోయేలా గుక్కపెట్టి ఏడుస్తోంది. కౌండిన్య అటు చెయ్యి చూపించాడు.

"మరి రత్నం కొడుకో?"

వాడు గాజుపెట్టెలో, ముక్కులో సన్నటి గొట్టంతో, చప్పుడు లేకుండా పడుకునున్నాడు.

"వాడికింకా అడగడం రాదు కదండీ. గడియారం చూసి, రెండు గంటలకోసారి మనమే..."

అక్కడ ఆగిపోయాడు.

మార్తమ్మగారు గోడ గడియారం కేసి ఓసారి చూసి, పాల సిరంజి తీసుకుని రత్నం కొడుకు దగ్గరికి నడిచారు.

కౌండిన్య వెళ్ళి దూది, సూది తెచ్చుకున్నాడు.

ఐదోరోజుకి కేకెయ్యడం ఇంకా రాని ఆ పసిమెదడు ఇప్పటికి నేర్చుకుంది. ఈసారి రిపోర్టులో కేక ఉంది. పక్క జిల్లా దాకా వినపడేంత కేక. ఇంకో రెండు నెలలు ఎవరూ పట్టించుకోకపోతే బిడ్డ ఎదుగుదలా తెలివీ రెండూ వెనకపడిపోయేవి. ఆ సాయంత్రమే మాత్ర నూరి, తల్లిపాలలో కలిపి పట్టడం మొదలుపెట్టారు.

ఏడాదిన్నర తరవాత నూకరత్నం కొడుకుని చంకనేసుకుని వచ్చింది. తిన్నగా వెళ్ళి కౌండిన్యకి దణ్ణం పెట్టింది.

"ఆవేళ మీరు మళ్ళీ గుచ్చబట్టే బాబూ, వీడు నన్ను అమ్మా అంటున్నాడు."

పొగడ్త ఎక్కడుంటే అక్కడ కుర్చీ వేసుకునే మనిషి, పక్కకి తప్పుకుని గురువుగారిని చూపించాడు.

ఈలోగా పిల్లాడికి బల్లమీది బిస్కెట్టు కనపడింది. చెయ్యి అందకపోయేసరికి ఆరున్నొక్క రాగం ఎత్తుకున్నాడు.

"ఊరుకోరా, పెద్ద డాక్టరమ్మగారు," అంది నూకరత్నం సిగ్గుపడుతూ.

"ఊరుకోమనకే తల్లీ," అన్నారు మార్తమ్మగారు, బిస్కెట్టు అందిస్తూ. "అడగనీ."