గ్రిబెన్ తరఫున ఎవరు?

ఫెలిమ్ కాన్రీ బారిస్టరు చదివింది ఒకే ఒక్క పట్టుదలతో. గ్రిబెన్ అనే మనిషిని ఎప్పటికైనా బోనులో చూడాలి. తన చేత్తోనే వాణ్ణి అక్కడికి ఎక్కించగలిగితే మరీ సంతోషం.

ఇది ఐర్లండు ఇంగ్లీషు రాణి ఏలుబడిలో ఉన్న రోజుల మాట. పొలాలన్నీ జమీందార్లవి, దున్నేవాళ్ళంతా కౌలుదార్లు. జమీందారుకి ఉన్నట్టుండి ఆ పొలంలో గొర్రెల్ని మేపుకోవాలని బుద్ధి పుట్టిందనుకోండి, ఏజెంటు మనుషుల్ని వెంటేసుకుని వచ్చేవాడు. గిన్నెలూ మంచాలూ బయట పారేయించి, మళ్ళీ చొరబడకుండా ఇంటి గోడలే కూల్పించేవాడు. ఫెలిమ్ చిన్నతనంలో వాళ్ళింటికి అలా వచ్చిన ఏజెంటే ఈ గ్రిబెన్. ఆ చలికాలమంతా తల్లీకొడుకులు కూలిన ఇంటి వాసాలకి గోనెపట్టాలు కట్టుకుని రోడ్డు పక్కన బతికారు. చలి తగ్గేసరికి కొడుకు మిగిలాడు, తల్లి మిగల్లేదు. చర్చి ఫాదరు ఎవరో జాలిపడి ఆ పిల్లాణ్ణి చదివించాడు.

ఆ దేశంలో కొత్తగా గౌను తొడుక్కున్న బారిస్టరు కొంతకాలం ఒక సీనియరు వెనకాల తిరగాలి. ఆ సీనియరుని అక్కడ గురువనే అంటారు. ఫెలిమ్‌కి దొరికిన గురువు మాలకీ డెవిన్. కోర్టులో ఆయన లేచి నిలబడితే జడ్జీలు కూడా సర్దుకుని కూర్చునేవారు. పైగా పార్లమెంటు మెంబరు. లండన్ వెళ్ళి కౌలుదార్ల కోసం గొంతు చించుకునే కొద్దిమందిలో ఒకడు. జనానికి ఆయనంటే ప్రాణం. మళ్ళీ ఓట్లు వచ్చేవారమే.

సరిగ్గా అప్పుడే గ్రిబెన్ దొరికిపోయాడు. ఇల్లు ఖాళీ చేయనని ఎదురు తిరిగిన ఒక రైతు తల పగిలి చచ్చిపోయి ఉన్నాడు. గునపంతో కొట్టింది గ్రిబెనే అని చూసినవాడు చెప్పాడు. జిల్లాలు తిరిగే జడ్జిగారు కిల్‌మోరన్ ఊళ్ళో దిగగానే మొదటి కేసు అదే.

ఫెలిమ్‌కి పట్టరాని సంతోషం. పొద్దున్నే బసలో టీ తాగుతూ గురువుగారి దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. ఇలాంటివాడికి కూడా విచారణా, వకీలూ, జ్యూరీ ఏమిటన్నాడు. మా అమ్మని చలిలో పడేసిన రోజున మా తరఫున ఏ వకీలు వచ్చాడన్నాడు. చట్టం అసలు ఎవరికోసం ఉందో చెప్పమని నిలదీశాడు. డెవిన్ రొట్టెకి వెన్న రాసుకుంటూ అంతా విన్నాడు. పార్లమెంటులో పూటంతా మాట్లాడగల మనిషి, శిష్యుడి దగ్గర మాత్రం మహా పిసినారి.

“టీ చల్లారిపోతోంది” అన్నాడంతే.

కోర్టు కిటకిటలాడిపోతోంది. వచ్చినవాళ్ళలో సగంమంది కౌలుదార్లు, ఓటున్నవాళ్ళు. గ్రిబెన్ ముసలివాడైపోయాడు. కోటు గుండీల మధ్య కుడిచెయ్యి దోపుకుని బోనులో నిలబడ్డాడు. నీ తరఫున ఎవరున్నారని గుమాస్తా అడిగితే ఎవరూ లేరన్నాడు. జిల్లాలో ఒక్క వకీలూ అతని కేసు ముట్టుకోలేదట. తనే చెప్పుకుందామన్నా ఆ రోజుల్లో ముద్దాయి మాట సాక్ష్యంగా తీసుకునేవారు కాదు.

దానికి అక్కడొక పద్ధతుంది. దిక్కులేని ముద్దాయి ఆ సమయానికి కోర్టులో గౌనుతో కూర్చున్న ఏ బారిస్టరునైనా వేలితో చూపించి కోరుకోవచ్చు. కోరుకున్నాక ఆ బారిస్టరు కాదనటానికి వీల్లేదు. కాకపోతే ముందే లేచి వెళ్ళిపోతే ఎవరూ పట్టుకోరు. ఇంకేం, జడ్జిగారు ఆ మాట అనబోతుండగానే బారిస్టర్లకి పనులు గుర్తొచ్చాయి. ఒకాయనకి దగ్గు పట్టుకుంది. ఇంకొకాయన కాగితాలేవో బసలో మరిచిపోయాడు. చూస్తుండగానే బల్లలు ఖాళీ అయ్యాయి.

ఫెలిమ్ గురువుగారి గౌను పట్టుకుని లాగాడు. పదండి, ఓట్లు పెట్టుకుని ఇక్కడ కూర్చుంటే జనం ఏమనుకుంటారని గొణిగాడు. డెవిన్ లేవలేదు. బారిస్టర్లు కూర్చునేది జడ్జికి ఎదురుగా, బోనుకి వీపు పెట్టి. వెనక నిలబడ్డ ముద్దాయికి తెల్ల విగ్గులు తప్ప మొహాలు కనపడవు. డెవిన్ కూర్చున్నచోటే మెల్లిగా వెనక్కి తిరిగాడు. గ్రిబెన్‌కి తన మొహం కనపడేలా సర్దుకుని చేతులు కట్టుకున్నాడు. జనంలో గుసగుసలు లేచాయి.

ఫెలిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. గురువుగారిని ఒంటరిగా వదిలి పోవటానికి కాళ్ళు రాలేదు. పోనీ, వాడికి నా మొహం కూడా కనపడనీ, ఎవరి కొడుకునో గుర్తుపట్టి తలదించుకోనీ అనుకున్నాడు. తనూ వెనక్కి తిరిగి గ్రిబెన్ కళ్ళలోకి సూటిగా చూశాడు.

గ్రిబెన్ తల దించుకోలేదు. చాలాసేపు చూశాడు. ఎడమచేతి వేలెత్తి ఫెలిమ్‌ని చూపించాడు.

జడ్జిగారికే నమ్మకం కుదరలేదు. పక్కన అంత పెద్ద బారిస్టరు ఉండగా నిన్నమొన్న గౌను తొడుక్కున్న కుర్రవాడెందుకని, బాగా ఆలోచించుకోమని చెప్పారు.

“ఆలోచించాను దొరా. ఆ అబ్బాయి కాన్రీ వాళ్ళ కొడుకు, నేను చేసిన పాపాలన్నీ తెలుసు. ఈ ఒక్కటీ చెయ్యలేదని అతను చెబితేనే జనం నమ్ముతారు” అన్నాడు గ్రిబెన్.

ఫెలిమ్ గురువుగారి చెవి దగ్గరికి వంగి, “నా వల్ల కాదండీ. నాకు వాడికి ఉరి పడాలని ఉంది” అన్నాడు.

డెవిన్ లేచి, సీనియర్లు కూర్చునే ముందు బల్ల వదిలి, వెనక బల్ల మీద ఫెలిమ్ కూర్చున్న చోటికి వచ్చి కూర్చున్నాడు. శిష్యుడి కలం తీసి సిరాలో ముంచాడు. గురువు వాదిస్తుంటే శిష్యుడు రాసుకోవటం అక్కడి వాడుక. పార్లమెంటు మెంబరు కలం పట్టుకుని, ఏం చెబితే అది రాసుకుంటాను అన్నట్టు తలెత్తి చూస్తుంటే ఫెలిమ్ ముందు బల్లకి వెళ్ళక ఏం చేస్తాడు?

“ఉరి పడాలని ఉంటే ఉండనీ. ముందు సాక్షి చెప్పేది విను” అన్నాడు డెవిన్.

సాక్షి పేరు క్విల్టీ. మొన్నమొన్నటిదాకా గ్రిబెన్ వెంట తిరిగి ఇళ్ళు కూల్చినవాడే. ఎదురు తిరిగిన రైతుని గ్రిబెన్ గునపం రెండు చేతులతో తలపైకి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడని, తను గోడ చాటునుంచి చూశానని గడగడా చెప్పాడు. జనం పళ్ళు కొరికారు. ఫెలిమ్ కూడా కొరికాడు.

అడగటానికి లేచాడేగాని ఏం అడగాలో తోచలేదు. కళ్ళముందు తమ ఇల్లే కనపడుతోంది. ఆ రోజుని ఇన్నేళ్ళుగా అతను ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు. కసి చల్లారిపోతుందేమోనని పనిగట్టుకుని తలుచుకునేవాడు. తలుపు మీద పడ్డ గునపం, అమ్మ ఏడుపు, దూరంగా నిలబడి ఎడమచేతి కర్రతో ఆ మూల, ఈ మూల అని చూపిస్తున్న గ్రిబెన్. అమ్మ వెళ్ళి వాడి రొమ్ము మీద గుద్దితే, వాడు ఎడమచేత్తోనే అడ్డుకున్నాడు. కుడిచెయ్యి కోటులోంచి బయటికి రాలేదు. అప్పుడు కూడా రాలేదు.

ఫెలిమ్ బల్ల అంచు పట్టుకున్నాడు. నోరు మెదపకుండా కూర్చుంటే చాలు, ఇన్నేళ్ళ కోరిక తీరిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు, ఇంకా శభాష్ అంటారు. వెనకనుంచి గురువుగారి కలం చప్పుడు కూడా వినపడటం లేదు. ఆయన రాయటానికి ఎదురు చూస్తున్నాడు.

“క్విల్టీ, కాన్రీ వాళ్ళ ఇల్లు కూల్చినరోజు నువ్వున్నావా?” అని అడిగాడు ఫెలిమ్.

ఉన్నానన్నాడు క్విల్టీ.

“ఆరోజు గునపం ఎవరు పట్టుకున్నారు?”

“నేనూ, ఇంకో ఇద్దరం.”

“గ్రిబెన్ ఏనాడైనా పట్టుకోగా చూశావా? దేవుడి మీద ప్రమాణం చేశావు, జ్ఞాపకం ఉంచుకుని చెప్పు.”

క్విల్టీ చెమటలు తుడుచుకున్నాడు. చూడలేదన్నాడు. ఎందుకు పట్టుకోడని అడిగితే నీళ్ళు నమిలాడు. ఫెలిమ్ వదల్లేదు. అడిగిందే అడిగాడు. చివరికి క్విల్టీ, గుర్రం పడేసినప్పటినుంచీ ఆయన కుడిచెయ్యి భుజం దాకా కూడా లేవదని, ఆ సంగతి తెలిస్తే ఎవరూ భయపడరని దాచుకునేవాడని చెప్పేశాడు. చెప్పాక తను ఏమన్నాడో తనకే తెలిసొచ్చి బోను కటకటాలు పట్టుకున్నాడు. జడ్జిగారు డాక్టరుని పిలిపించి గ్రిబెన్ కోటు విప్పించారు. ఆ చెయ్యి ఎండిపోయి ఉంది.

గ్రిబెన్‌ని వదిలేశారు, అబద్ధపు సాక్ష్యం చెప్పిన క్విల్టీని పట్టుకున్నారు. బయట జనం చప్పట్లేమీ కొట్టలేదు. తల్లి ఉసురు పోసుకున్నవాణ్ణి కాపాడాడని ఫెలిమ్ మీద ఉమ్మారు. పక్కనే ఉన్న డెవిన్ గౌను మీద కూడా పడింది. గ్రిబెన్ వచ్చి ఎడమచేత్తో టోపీ తీయబోతే ఫెలిమ్ అటువైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో ఓటు వేయటమంటే అందరి ముందూ పేరు పైకి చెప్పటమే. మరుసటి వారం ఓట్లలో కౌలుదార్లు నోరారా ఇంకొకడి పేరు చెప్పారు. డెవిన్ ఓడిపోయాడు.

తరవాతి కోర్టుకి పక్క ఊరు వెళ్తూ గురుశిష్యులు గుర్రపుబండిలో కూర్చున్నారు. మీ సీటు నావల్లే పోయిందని ఫెలిమ్ నొచ్చుకుంటే, డెవిన్ కాళ్ళు చాపుకుని, లండన్‌లో తిండి బావుండదన్నాడు. ఫెలిమ్‌కి నవ్వు రాలేదు. చివరికి అనేశాడు.

“గురువుగారూ, నేను వాణ్ణి క్షమించలేదు. ఎప్పటికీ క్షమించను కూడా.”

డెవిన్ అతనికేసి తిరిగి చూశాడు.

“తను క్షమించినవాడి కోసమైతే ఎవడైనా నిలబడతాడోయ్” అన్నాడు.