తొమ్మిదడుగుల వరస

బంగారయ్యకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. ఏమయిందిరా అంటే ఎండ అనేవాడు. ఎండా లేదు, గిండా లేదు. అతని కడుపులో కూర్చున్నది లోకనాథం.

ఆ గొడవ అర్థం కావాలంటే మా గరిడీ సంగతి కాస్త తెలియాలి. రైలు గేటు దాటాక తాటాకు పందిరి, దాని కింద ఎర్రమట్టి నేల. అంతే గరిడీ. అక్కడ పైడయ్య గురువు కర్రసాము నేర్పేవాడు. అప్పటికి ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. మాట తక్కువ మనిషి. తిట్టడం కూడా తక్కువే, అందుకని ఒకసారి తిడితే ఆర్నెల్లు గుర్తుండేది.

ఒకసారి పట్నం నించి ఎవరో కరాటే మాస్టారు మా సాధన చూడ్డానికి వచ్చాడు. అంతా చూసి, "మీ దగ్గర బెల్టులుండవాండీ? ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. గురువు పంచె కొంచెం పక్కకి లాగి మొలతాడు చూపించాడు.

"మాకిదొక్కటేనండి. అందరికీ నల్లదే" అన్నాడు.

అలాగని మాలో పెద్దా చిన్నా లేదనుకునేరు! బ్రహ్మాండంగా ఉంది. బెల్టు లేదు గానీ తొమ్మిదడుగుల వరస ఉంది, తొమ్మిది అడుగులు వేస్తూ కర్ర తిప్పే సాము. దాన్ని గురువు మాలో ఒక్కడికే చెప్పేవాడు. అమ్మవారి పండగనాడు చుట్టుపక్కల గరిడీలన్నీ చూస్తుండగా ఆ ఒక్కడే బరిలోకి దిగి ఆ వరస వేస్తాడు. చేతులు ఎలా తిరుగుతున్నాయో అందరికీ కనబడుతుంది. అడుగులు మాత్రం ఎవడికీ అందవు, అంత వేగం. ఆ వరస ఎవడి దగ్గరుంటే గురువు తరవాత గరిడీ వాడిది. ఎవరూ పైకి అనేవారు కాదు, కానీ ప్రతివాడి మనసులోనూ అదే.

ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్కడు బంగారయ్య. బియ్యం గోదాంలో కలాసీ. నలభై నాలుగేళ్ళ మనిషి, వంద కిలోల బస్తా వీపున వేసుకుని పాట పాడుతూ నడిచేవాడు. పదకొండేళ్ళు గురువు చుట్టూ తిరిగితే గానీ ఆ వరస చేతికి రాలేదు. వచ్చాక దాన్ని ఎంత దాచుకునేవాడంటే, తెల్లారకుండానే గరిడీకి వచ్చి, ఎవరూ రాకముందే సాధన చేసుకుని గోదాంకి పోయేవాడు. ఆదివారం ఒక్కరోజే మాతో కలిసి ఉండేవాడు.

లోకనాథం జూట్ మిల్లు కార్మికుడు. ముప్పై దాటాక కర్ర పట్టినవాడు. చేరి పదకొండు నెలలయింది. మా గరిడీలో ఆఖర్న చేరినవాడిది నేల పని. రోజూ పొద్దున్న మా అందరికంటే ముందొచ్చి, మళ్ళీ సాయంత్రం అందరూ వెళ్ళాక, నేల తడిపి, చెక్కతో చదును చెయ్యాలి. కొత్తవాడు ఇంకొకడు చేరేదాకా ఆ పని వదలదు. లోకనాథం తరవాత ఎవరూ చేరలేదు పాపం. ఆ పని అతను ఒక్కనాడు కూడా మానలేదు, ఒక్కసారి కూడా సణగలేదు. మంచివాళ్ళతో ఇదే చిక్కు, చూస్తుంటే ఒళ్ళు మండుతుంది. నాకు కుళ్ళు లేదని చెప్తే అబద్ధం.

ఒక సాయంత్రం బంగారయ్య మరచిపోయిన తువ్వాలు కోసం గరిడీకి వచ్చాడు. పందిరి కింద లోకనాథం ఒక్కడే ఉన్నాడు. కర్ర తిప్పుతున్నాడు. బంగారయ్య తడిక చాటు నించి చూశాడు. అది తొమ్మిదడుగుల వరస.

తువ్వాలు తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాడు. తిన్నగా మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఇచ్చీసినాడ్రా గురువు" అన్నాడు. "ఆడికి ఇచ్చీసినాడు."

"అదేటి, నీకు సెప్పకుండానా?" అన్నాను.

"మరి ఆడు మజ్జానం పూటల గురువింటికి ఎల్తున్నాడు కదా. మోకాళ్ళకి నూని రాయడానికని ఎల్తున్నాడు. నూనా అది?"

నేను నాలుగు మంచి మాటలు చెప్పి చల్లార్చాల్సింది. చల్లార్చలేదు సరికదా, "నాకెప్పట్నించో అనుమానంగానే ఉంది" అని ఇంకాస్త ఆజ్యం పోశాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఆ వారమంతా బంగారయ్య లోకనాథం ముఖం చూడలేదు. ఎదురుపడి "అన్నియ్యా" అని పిలిచినా వినబడనట్టు పోయేవాడు. గోదాంలో ఇద్దరితో దెబ్బలాడాడు. భార్య వడ్డించిన కంచం తోసేశాడు. రాత్రి నిద్దట్లో కూడా పళ్ళు నూరుతున్నాడని ఆమె మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. పండగ ఇంకా తొమ్మిది రోజులుంది. ఈసారి బరిలోకి ఎవరు దిగుతారో ఆదివారం చెప్తానని గురువు ముందే అన్నాడు. ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆయన అనడం అదే మొదలు.

ఆదివారం పొద్దున్న అందరం చేరాం. గురువు నులకమంచం మీద కూర్చున్నాడు. ఆయన నోరు విప్పకముందే బంగారయ్య లేచి నిలబడ్డాడు.

"గురువా, ఒక మాటడగాల."

"అడుగు."

"పదకొండేళ్ళు నీ సుట్టూ తిరిగినాను. నీ నేల తడిపినాను, నీ తిట్లు తిన్నాను. అప్పుడు గానీ నాకు తొమ్మిదడుగులు సెప్పలేదు నువ్వు. ఈడికి పదకొండు నెల్లకే సెప్పీసినావు. దొంగసాటుగా సెప్పీసినావు. నాకాడ ఏటి తక్కువ కనబడింది నీకు?"

అంత మనిషి ఏడుస్తాడేమోనని భయపడ్డాం. లోకనాథం ముఖం తెల్లగా పాలిపోయింది. ఏదో అనబోయాడు, గురువు చెయ్యెత్తి ఆపాడు.

గురువు మంచం మీంచి వంగాడు. నేల వైపు చూశాడు.

"మట్టి ఎండిపోనాది. తడుపు" అన్నాడు.

"నానా?"

"నువ్వే."

బంగారయ్యకి అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. ఎనిమిదేళ్ళుగా పెద్ద శిష్యుడైనవాడు అందరిముందూ నేల పని చెయ్యడమా! లోకనాథం గబగబా బిందె అందుకోబోయాడు. గురువు కర్ర అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు.

బంగారయ్య నూతి దగ్గరికి పోయి నాలుగు బిందెలు తెచ్చాడు. ప్రతి బిందె దింపినప్పుడూ చప్పుడయ్యేలా దింపాడు. చెక్క పట్టుకుని ఈ చివర నించి ఆ చివరకి లాగాడు. కోపంగా చేసినా పని బాగానే చేశాడు. నేల నున్నగా తయారయింది.

"లోకనాథం, ఆ వరస ఎయ్యి" అన్నాడు గురువు.

"గురువా, అది నాకు..."

"ఎయ్యమన్నాను. కర్రొద్దు. ఉత్తడుగులే. నెమ్మదిగా ఎయ్యి."

లోకనాథం దణ్ణం పెట్టుకుని తడి నేల మీదికి దిగాడు. ఒక్కొక్క అడుగే వేశాడు. మేం ఊపిరి బిగబట్టి చూశాం, ఎందుకంటే ఆ అడుగులు నెమ్మదిగా వెయ్యగా మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తొమ్మిదీ అయ్యాక పక్కకి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గురువు కర్ర కొసతో నేల చూపించాడు.

"సూడ్రా బంగారయ్యా."

బంగారయ్య చూశాడు. మేమూ చూశాం. తడి మట్టిలో తొమ్మిదడుగులూ అచ్చు వేసినట్టు పడ్డాయి. ఆరో అడుగు దగ్గర మాత్రం ఎడమ మడమ వెనక జానెడు పొడవున గీత ఉంది. మడమ ఎత్తకుండా ఈడిస్తే పడే గీత.

రెండేళ్ళ కిందట గోదాంలో బస్తాల వరస కూలి బంగారయ్య ఎడమ చీలమండ మీద పడింది. ఎముక అతికింది గానీ, గట్టిగా తిరగాల్సి వచ్చినప్పుడు ఆ మడమ లేవదు. వేగంలో అది ఎవరికీ కనబడేది కాదు. కనబడినా అందరికీ దెబ్బ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. మొన్న తడిక చాటు నించి చూసినప్పుడు బంగారయ్య కళ్ళు లోకనాథం చేతుల మీదే ఉండిపోయాయి. కాళ్ళు చూడలేదు.

బంగారయ్య వంగి ఆ గీతని వేలితో తడిమాడు.

"ఇది నీకు ఎవులు నేర్పినార్రా?" అన్నాడు.

"నువ్వే అన్నియ్యా."

"నానెప్పుడు నేర్పినాను?"

"పొద్దున్నే నువ్వు ఎలిపోయినాక నేల సదును సేసీది నానే కదా. నీ అడుగులు సెరిపీ ముందు రోజూ ఒకపాలి ఆటిల్లో నా అడుగులెట్టి సూసుకునీవోణ్ణి. సేతులు ఏటేటా పండగలో సూసినవే. తప్పయితే మన్నించన్నియ్యా. గురువు నాకు ఒక్క ముక్క సెప్పనేదు, అమ్మోరి తోడు." కొంచెం ఆగి, భయంభయంగా అన్నాడు: "ఆరో అడుగు కాడ మడమ ఈడ్సడం ఒక్కటే కష్టమైపోనాది. అది కుదరడానికి మూడు నెల్లు పట్టింది."

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. ఎవడో ఏమిటి, నేనే. గురువు నా వైపు ఒక చూపు చూశాడు. నేను తల దించుకున్నాను.

తల దించుకున్నా నాకు లోపల లెక్క తెలిసిపోయింది. బంగారయ్య ఊరుకుంటే చాలు. కుంటికాలివాడు ఈడిస్తే అయ్యో అంటారు. రెండు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నవాడు ఈడిస్తే మిగతా గరిడీల ముసలాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. లోకనాథం ఇక ఏ బరిలోనూ తల ఎత్తడు. బంగారయ్య చోటు బంగారయ్యకే ఉంటుంది. ఆ లెక్క అతనికీ తెలిసింది. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, దవడ బిగుసుకుంటోంది, వదులవుతోంది.

గురువు రైలు గేటు వైపు తిరిగి కూర్చున్నాడు, అక్కడ చూడాల్సింది ఏదో ఉన్నట్టు.

"అది అడుగు కాదురా" అన్నాడు బంగారయ్య.

దగ్గరున్నవాళ్ళకే వినబడింది. తల ఎత్తి మళ్ళీ అన్నాడు, ఈసారి అందరికీ వినబడేలా.

"అది అడుగు కాదు. అది నా దెబ్బకాలు. నాను తప్పేస్తన్నాను రెండేళ్ళబట్టి."

లోకనాథం బిక్కచచ్చిపోయి చూశాడు. "మరి అసలు అడుగేటి అన్నియ్యా?"

బంగారయ్య నేల మీదికి దిగాడు. అయిదడుగులు వేశాడు. ఆరోది వేశాడు. మడమ ఈడ్చుకుపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ వేశాడు. మళ్ళీ గీత పడింది. ఒంటి మీద చెమట పట్టింది. మూడోసారి వెయ్యలేదు. ఆ గీతలకేసి చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఆ అడుగు తెలుసు, ఎముక ఎముకకీ తెలుసు. చూపించడానికి కాలు లేదు.

"ఇలా రా" అన్నాడు.

లోకనాథం వచ్చి నిలబడ్డాడు. బంగారయ్య తడి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో లోకనాథం ఎడమ పాదం పట్టుకున్నాడు.

లోకనాథం నిప్పు తొక్కినట్టు గెంతాడు. "తప్పన్నియ్యా! నా కాలు ముట్టుకుంటావేటి! నువ్వు పెద్దోడివి..."

"నోర్మూసుకోని మడమెత్తు" అన్నాడు బంగారయ్య. కాలు వదల్లేదు.

లోకనాథం ఎత్తాడు. బంగారయ్య ఆ పాదాన్ని గాలిలోనే మెల్లిగా తిప్పి, మునివేళ్ళు ముందు ఆన్చి, మడమ చివర దింపాడు. "ఇలాగ. బరువు బొటనేలి మీద. ఇంకోపాలి." మళ్ళీ ఎత్తించాడు. మళ్ళీ దింపాడు. "కాదు, తొందరపడిపోతన్నావు. ఇంకోపాలి." అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. మేం చూడనట్టు నటించాం.

పది పన్నెండుసార్లు అయ్యాక చెయ్యి తీసేసి, "ఇప్పుడు నువ్వే ఎయ్యి" అన్నాడు.

లోకనాథం మొదటి నించీ వేశాడు. ఆరో అడుగు పడింది. తడి మట్టిలో పాదం అచ్చు ఒక్కటే ఉంది, వెనక గీత లేదు.

లోకనాథం ఆయాసపడుతూ మంచం వైపు తిరిగాడు. "గురువా, కుదిరిందా?"

పైడయ్య గురువు ఇంకా రైలు గేటు కేసే చూస్తున్నాడు.

"నన్నడుగుతావేట్రా?" అన్నాడు. "నేర్పినోడు నీ కాళ్ళకాడ కూకున్నాడు. ఆణ్ణడుగు."