గుమ్మిలమెట్ట ఎక్కిన ఎర్రమ్మ

అనగనగా ఒక కొండ. ఆ కొండ నెత్తిన ఒక ఊరు. పేరు గుమ్మిలమెట్ట. ఊరంటే పెద్దదేం కాదు, ముప్పై గడపలు, నాలుగు సైకిళ్ళు.

ఇటు తిరిగి పడుకో నాన్నా. కాళ్ళు నా మీద వేసుకో, పర్వాలేదు. ఇది బండి కథ. బండ్ల గురించి నాకేం తెలుసంటావా? బస్సెక్కితే మూడో మలుపు దగ్గర వాంతి చేసుకుంటాను, అంతవరకు తెలుసు. అయినా చెబుతాను. తెలిసినవే చెప్పాలంటే మీ అమ్మమ్మ ఎప్పుడో నోరు మూసుకునేది.

ఆ నాలుగు సైకిళ్ళనీ బాగుచేసేవాడు లచ్చన్న. పంక్చరు వేసేవాడు, గొలుసు బిగించేవాడు, చివర్లో బెల్లు ఒకసారి మోగించి చూసేవాడు. మంచివాడు. ఏ పని చెప్పినా ముందు ఒప్పుకునేవాడు, ఆ తర్వాత భయపడేవాడు.

వాళ్ళమ్మ సోములమ్మ. ఊళ్ళో కొండతల్లికి రోజూ దీపం పెట్టేది ఆవిడే. అందుకని ఆవిడ మాటంటే ఊరందరికీ గురి, లచ్చన్నకి హడలు.

ఆ ఏడు వానలు పడలేదు. కొండమీద ఊట ముందు సన్నగా కారింది. ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా పడింది. ఆ తర్వాత అదీ లేదు.

ఇక నీళ్ళంటే కింద గెడ్డలోనే. గెడ్డంటే ఏరు. దానికి మూడు మలుపులు దిగాలి, బిందె నెత్తిన పెట్టుకుని మూడు మలుపులూ ఎక్కాలి. పైకి చేరేసరికి బిందెలో సగం నీళ్ళు, మనిషిలో సగం ఓపిక ఉండేవి.

కిందనుంచి ఒక ట్యాంకరు బండి ప్రయత్నం చేసింది. మొదటి మలుపు దగ్గర దాని వెనక చక్రాలు రాళ్ళమీద గిర్రున తిరిగాయి, బండి మాత్రం కదల్లేదు. ఆ డ్రైవరు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఊరంతా కూర్చుంది. ఉగాది ముందురోజు దాకా చూద్దామన్నారు. అప్పటికీ నీళ్ళు పైకి రాకపోతే, మూటలు కట్టుకుని ఇటికల బట్టీల్లో పనికి దిగిపోదామన్నారు. ఒక్కో ఇల్లు ఒక్కో బట్టీకి. అంటే ఇక గుమ్మిలమెట్ట అనే ఊరు ఉండదన్నమాట. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ నేల చూశారు.

లచ్చన్న గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఆగండి. నీళ్ళబండి నాను తెస్తాను."

"ఏ బండిరా?" అంది సోములమ్మ.

"సంతలో ఎర్రబండి ఉన్నాది కదమ్మా."

అప్పుడు భయపడ్డాడు. కానీ అనేశాడుగా.

కింద సంతలో, పాకల వెనక, ఒక ఎర్రబండి ఆరేళ్ళుగా నిలబడి ఉండేది. అది ఒకప్పుడు అడవిలో మంటలార్పిన ఫైరింజను. మామూలు బండికి వెనక చక్రాలే లాగుతాయి. దీనికి వెనకవీ లాగుతాయి, ముందువీ లాగుతాయి. నాలుగెడ్లు కట్టినట్టు. వీపు మీద పెద్ద నీళ్ళ తొట్టి. వెనక ఏనుగు తొండంలాంటి గొట్టం. గెడ్డలో పెడితే తనే తాగేది, తనే చిమ్మేది. కొత్త బండి వచ్చాక ఫారెస్టు ఆఫీసువాళ్ళు దీన్ని అక్కడ వదిలేశారు.

ఆ ఆఫీసులో పెద్దమనిషిని అడిగితే, "కదిలిస్తే మీదే. కదలదు, అదీ చెబుతున్నాను" అన్నాడు.

లచ్చన్న తలుపు తీశాడు. సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. పొదిగే కోడిని లేపకూడదుగా? అందుకని తొమ్మిది రోజులు బండి కింద పడుకునే పని చేశాడు. పదో రోజు గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. కోడి తన సంసారాన్ని తీసుకుని దిగిపోయింది. అప్పుడు లచ్చన్న ఎక్కాడు.

విప్పిన ప్రతి ముక్కనీ గోనెపట్టా మీద వరసగా పేర్చాడు. సైకిలుకి అలాగే చేసేవాడు మరి. తుప్పు గీశాడు, మడ్డి కడిగాడు, ఎలకలు కొరికిన తీగలు మార్చాడు. ఆ తర్వాత అన్నీ తిరిగి బిగించాడు. బిగించి చూస్తే, గోనెపట్టా మీద మూడు బోల్టులు మిగిలాయి.

అటు చూశాడు. ఇటు చూశాడు. మూడూ జేబులో వేసుకున్నాడు.

నవ్వకు. నా కుట్టుమిషను నేను విప్పి బిగిస్తే ఏడు మిగిలాయి. ఇతను నాకంటే నయం.

ఉగాది నాలుగు రోజులుందనగా బండి దగ్గింది, తుమ్మింది, సంత కుక్కలన్నీ పరుగెత్తేలా గుర్రుమంది. గుమ్మిలమెట్ట మొత్తం కొండ దిగి వచ్చింది. దానికి ఎర్రమ్మ అని పేరు పెట్టారు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. ఎండల్లో పూసేవి మోదుగపూలే కదా, సోములమ్మ అవి దండ గుచ్చి బండి ముందర కట్టింది. "కొండతల్లీ, నీళ్ళు కొండెక్కించు. అప్పటిదాకా ఈ దండ తియ్యను" అని మొక్కుకుంది.

నడిపేది లచ్చన్న బావ దాలయ్య. ట్రాక్టరు తోలినవాడు. "ఏటి బావా, దీనికి బెల్లు పెట్టడం మర్సిపోనావా?" అని ఎక్కాడు.

ఎర్రమ్మ గెడ్డలో తొండం పెట్టి తొట్టి నిండా తాగింది. మొదటి మలుపు ఎక్కింది. జనం కేకలు పెట్టారు. రెండో మలుపు దగ్గర ముందు భాగంలోంచి బుస్సుమని ఆవిరి లేచింది. బండి ఆగిపోయింది. ఇంజను కుతకుతా ఉడికిపోతోంది.

లచ్చన్న చెయ్యి జేబులోకి పోయింది. మూడు బోల్టులూ తగిలాయి. 'నా వల్లే' అనుకున్నాడు.

బండిని మెల్లగా కిందికి దించారు. మర్నాడు పొద్దున్నే దాని కిందికి దూరి, పొగగొట్టం దగ్గర ఒక ఖాళీ బెజ్జం పట్టుకున్నాడు. ఒక బోల్టు అందులో బిగించాడు. హమ్మయ్య అనుకున్నాడు.

ఈలోగా ఊళ్ళోవాళ్ళు ఏమనుకున్నారు? ఒక్క దండ కొండతల్లికి చాల్లేదనుకున్నారు. మరో పది కట్టారు.

ఎర్రమ్మ మళ్ళీ బయల్దేరింది. ఈసారి మొదటి మలుపు దగ్గరే బుస్సుమంది.

మర్నాడు లచ్చన్న మళ్ళీ దూరాడు. బ్యాటరీ పెట్టె కింద ఇంకో బెజ్జం దొరికింది. రెండో బోల్టు బిగించాడు. ఈలోగా ఊళ్ళోవాళ్ళు ఇంటికో దండ తెచ్చారు. మామిడాకులు కట్టారు, వేపరెమ్మలు కట్టారు. ఎర్రమ్మ ముందరి లైట్లే కనపడకుండా పోయాయి. పెళ్ళికూతురికి కూడా అన్ని పూలు పెట్టరు.

అంతలో ఉగాది ముందురోజు వచ్చేసింది. కొండమీద ముప్పై ఇళ్ళలోనూ మూటలు కట్టి గుమ్మాల్లో పెట్టేశారు. ఇదే ఆఖరుసారి అని అందరూ కిందికి వచ్చారు.

ఎర్రమ్మ బయల్దేరింది. మొదటి మలుపు దాకా కూడా పోలేదు. గెడ్డ ఇసక దాటుతుండగానే బుస్సుమంది.

అందరూ చూస్తుండగానే లచ్చన్న వెతికాడు, ఆఖరి బోల్టుకి చోటు వెతికాడు. దొరికింది. సీటు కింద. దానికీ ఇంజనుకీ ఏ సంబంధమూ లేదు. కోడి కూర్చున్న చోటు అది.

ఆ బోల్టు బిగించాక అతని జేబు ఖాళీ అయింది. తప్పు తనదే అని నమ్మినన్నాళ్ళూ అతను ఇంకెక్కడా చూడలేదు, పాపం. ఇప్పుడు తన మీద వేసుకోడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు లేచి బండి ముందర నిలబడ్డాడు.

ఏదో వాసన వచ్చింది. కమ్మగానూ లేదు, కంపుగానూ లేదు. దండల్లోకి చెయ్యి దూర్చాడు. వేళ్ళకి మెత్తగా ఏదో అంటుకుంది. ఉడికిన పూలు.

నాన్నా, బండి ముందర జల్లెడలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. రేడియేటరంటారు. అందులో వేడినీళ్ళు తిరుగుతూ ఉంటాయి. బయటనుంచి గాలి దూరితేనే అవి చల్లారతాయి. అంటే అది బండికి ముక్కు లాంటిది. ఒక దండ కడితే కొంచెం మూసుకుంది, రెండో మలుపు దాకా పోయింది. పదకొండు కడితే మొదటి మలుపే. ఊరంతా కడితే గెడ్డ కూడా దాటలేదు.

లచ్చన్నకి విషయం తెలిసింది. తెలిశాక ముందుకంటే ఎక్కువ భయం పట్టుకుంది. ఎవరింటి మొక్కు విప్పమంటాడు? మొక్కు తీరకుండా దండ తీస్తే కొండతల్లికి కోపమొస్తుందని ముప్పై గడపలవాళ్ళూ నమ్ముతారు. అందులోనూ మొదటి దండ వాళ్ళమ్మది.

"ఇంకో రెండు దండలుంటే తెండర్రా" అన్నాడు దాలయ్య, మెల్లగా.

"వద్దు బావా!" అని అరిచాడు లచ్చన్న. అందరూ అతనివైపు తిరిగారు. లచ్చన్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

"అమ్మా, దానికి ఊపిరాడతల్లేదు. దండలు ముక్కుకి అడ్డం పడ్డాయి. నీదే ముందున్నాది."

సోములమ్మ కొడుకుని చూసింది. అతని వేళ్ళకంటిన ఉడికిన పూలని చూసింది. లచ్చన్న చెంప మీద ఒకటి పడుతుందని కళ్ళు మూసుకున్నాడు.

చెంప మీద ఏమీ పడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ బండి ముందర వంగుని ఉంది. తన దండ ముడి తనే విప్పుతోంది.

"ఓలప్పా, మొక్కు తీరకుండానే తీసెత్తన్నావేటి!" అంది ఒకావిడ, గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఎవులు తీసేరే?" అంది సోములమ్మ. "సర్దుతున్నాను. ఆడకూతురన్నాక పూలు జడకి పెట్టుకుంటాదా, ముక్కుకి కట్టుకుంటాదా? ఇంత ముసిలోలమయ్యేం, ఆ మాత్తరం ఎరగమా?"

అని బండి వెనక్కి నడిచి, జడలా వేలాడుతున్న గొట్టానికి దండ చుట్టి ముడేసింది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆడవాళ్ళందరూ ఒక్కసారే ముందుకొచ్చారు. ఎవరి దండ వాళ్ళు విప్పి, తీసుకెళ్ళి ఎర్రమ్మ జడకి చుట్టారు. లచ్చన్న జల్లెడలో ఇరుక్కున్న రేకులన్నీ చీపురుపుల్లతో ఒక్కొక్కటే తీశాడు. ఇంజను చల్లారాక దాలయ్య రేడియేటరులో నీళ్ళు పోశాడు.

అప్పుడు ఎర్రమ్మ కదిలింది.

గెడ్డ దాటింది. మొదటి మలుపు ఎక్కింది. రాళ్ళు దొర్లాయి, బండి ఒరిగింది. ముందు చక్రాలు లాగాయి, వెనక చక్రాలు తోశాయి. రెండో మలుపు ఎక్కింది. ఇక్కడే కదా మొదటిసారి ఆగింది! లచ్చన్న బండి పక్కనే పరిగెత్తాడు. బుస్సుమంటుందేమో అని చూశాడు. అనలేదు. మూడో మలుపు ఎక్కింది. అక్కడ దాలయ్య సీటులోంచి లేచి నిలబడి మరీ తోలాడు.

ఊరు మధ్యలో ఎర్రమ్మ ఆగింది. వెనకాల ముప్పై గడపలవాళ్ళూ రొప్పుకుంటూ వచ్చారు. లచ్చన్న కుళాయి తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి, ఎండిన నేల మీద, కింద ఏ గిన్నే లేకుండా.

"బిందెలు! బిందెలేవర్రా!" అని అరిచాడు.

బిందెలెక్కడున్నాయి? మూటల్లో ఉన్నాయి. ఊరొదిలిపోదామని పొద్దున్నే గట్టిగా బిగించి కట్టిన మూటల్లో.

ఆడవాళ్ళు ఇళ్ళకి పరిగెత్తారు. ముడులు చేత్తో రాలేదు, పంటితో లాగారు. మూటలు విప్పారు, బిందెలు తీశారు. బిందెల కింద చీరలు, చీరల కింద గరిటెలు, గరిటెల కింద తిరగలి, అన్నీ గుమ్మాల్లో పడ్డాయి. నీళ్ళు పట్టుకున్నారు. తాగారు. పిల్లల మొహాలు కడిగారు.

ఇక్కడే ఉండిపోదామని ఎవరూ అనలేదు నాన్నా. విప్పిన మూట మళ్ళీ ఎవరూ కట్టలేదు, అంతే.

కథేమో కంచికి,
ఎర్రమ్మ కొండకి,
నీళ్ళేమో బిందెకి,
మనమేమో నిద్దరకి.