దివాన్‌గారి లినక్స్, సింగన్న కత్తి

వంకమడుగు దివాన్ భీమశంకరంగారు దండోరా వేయించారు: "కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌లో ఎన్ని రకాలున్నా, నా కంప్యూటర్‌లో ఉన్నదే ఇంటింటా ఉండాలి. కాదన్నవాడికి కొరడా దెబ్బలు!"

మంగలి సింగన్న తాతలనాటి కంప్యూటర్‌లో గడ్డాల వంతులు రాసుకునేవాడు. దివాన్‌గారి బరువైన లినక్స్ ఎక్కించగానే అది గుడ్లు తేలేసింది.

మర్నాడు దివాన్‌గారికి గడ్డం గియ్యడానికి వెళ్లాడు. కత్తి ఆడీ ఆడగానే ఎడమవైపు మీసం ఒళ్లో రాలిపడింది.

"ఒరేయ్, నా మీసం!"

"పొద్దున మొదటి బేరానికి వచ్చినవాడు మొక్కుందని గుండుతోపాటు మీసమూ తీయించుకున్నాడు, దొరా. ఇవాళ ఊరందరికీ అదే క్షవరం."

"క్షవరం మనిషిని బట్టి ఉండాలిరా, వెధవా!"

"లినక్స్ గురించీ ఆ ముక్కే దండోరా వేయించండి, దొరా. అందాకా కుడి మీసం తీసి సమం చెయ్యను."

సబ్బు నురగ ఆరేలోపే ఊళ్లో డప్పు మోగింది.