ఎలుక మీద పడ్డ నల్లగింజల నింద

పిల్లలూ, దోసెడు సజ్జలు చేతిలోకి తీసుకున్నారనుకోండి. మధ్యలో నల్లగా, కోసుగా, గింజకన్నా పొడుగ్గా ఒకటి కనిపించింది. అదేమిటి? ఎలుక పెంటికా? చూశారా, ఆలోచించకుండా అనేశారు! అలాగే అనేసి ఒక మేక ఎంత పని చెయ్యబోయిందో వినండి.

ఒక రైతు కొట్టంలో ముసలి ఎద్దు, కొత్తగా ఈనిన మేక, సజ్జల గాదె కింద నలుగురు పిల్లలతో చిట్టెలుక ఉండేవి. ఉన్నట్టుండి మేక పొదుగు ఎండిపోయింది. కూన ఆకలికి గోల.

"ఒసే ఎలుకా! నా సజ్జ దాణా నిండా నీ పెంటికలేనటే?" మేక కొమ్ములు విదిల్చింది.

"నావి కావు అత్తా!" ఎలుక ఏడుపు లంకించుకుంది.

తడిక పక్కన నక్క ఎప్పుడు చేరిందో, గొంతు సవరించుకుంది. "పెంటికలు తింటే పాలెక్కడివి వదినా? తల్లినీ పిల్లల్నీ తడిక బయటికి నెట్టు. మిగతాది నేను చూసుకుంటా." నోరూరుతోంది దానికి.

ఎద్దు నెమరు ఆపింది. పొద్దుటినుంచి ఇది మూడోసారి చెప్పడం. "అమ్మా, అవి పెంటికలు కావు. బూజు."

"నల్లగా ఉన్నాయిగా?"

"నీ కొమ్ములూ నల్లగానే ఉన్నాయి. అవీ పెంటికలేనా? నేను ఈనానంటే దూడని కట్టెయ్యమనే రకమే తల్లీ నువ్వు!"

"ఎద్దుకేం తెలుసు అటుకుల చవి?" నక్క పకపకా నవ్వింది. మేక గాదె కింద కొమ్ము దూర్చింది. ఎలుక పిల్లలు కీచుమన్నాయి.

ఎద్దు కోపం దిగమింగింది. "నిజమే నక్కా, నాకు కాడి తప్ప ఏం తెలుసు? సజ్జచేలో పడుకునేవాడివి నువ్వు. పూత వేళ కంకులెలా ఉన్నాయో కాస్త సెలవియ్యి."

నక్క ఉబ్బిపోయింది. "తేనె కారాయి తాతా! ముందు ఓ మూల నాలుగు కంకులకే ఉండేది. నాకాను, ఒళ్ళంతా పూసుకున్నాను, సాలు సాలూ తిరిగాను. వారం తిరిగేసరికి నేను తిరిగిన ప్రతి సాలుకీ తేనే! నా అడుగు అలాంటిది."

"విన్నావా మేకమ్మా?"

"విన్నా. అయితే పెంటికలు తేనెలో పడ్డాయా?"

ఎద్దు కళ్ళు మూసుకుని తెరిచింది. "ఆ మూల నూర్చని కంకి ఉంది. తెచ్చి చూడు."

మేక చూసింది. గింజ ఉండాల్సిన గూట్లో, పొట్టులో బిగిసి, నల్లటి ముద్ద!

ఎలుకకి ఏడుపాగి ఒళ్ళు మండింది. "చెప్పత్తా! కంకెక్కి, పొట్టు విప్పి, ఒక్కొక్కటే లోపల దూర్చి, మళ్ళీ పొట్టు మూసి వచ్చానా? నాకు వేరే పనిలేదా?"

"ఆ బూజు పువ్వులో దూరి గింజ చోటు తాను ఆక్రమిస్తుంది," అంది ఎద్దు. "ముందు తేనెలా కారుతుంది. ఆ జిగురు నిండా దాని విత్తులే. మూడు వారాలకి గట్టిపడి ఇలా ముద్ద కడుతుంది. పైన నల్లటి తోలు, లోపల నూనె. వానలొచ్చేదాకా బతకడానికి అది కట్టుకున్న సద్దిమూట. అందులో విషమూ ఉంటుంది. నీ పాలు ఎండగొట్టింది అదే."

ఆ విషాల్ని ఆల్కలాయిడ్లంటారు. ఏదీ, పలకండి... సరే, వచ్చినట్టే.

"మరి చేనంతా దాన్ని అంటించింది ఎవరు?" అంది మేక.

అమ్మయ్య, అడిగింది! ఎద్దు నక్క బొచ్చు వైపు చూసిందంతే. ఆ తేనె జిగురుకి అట్టలు కట్టి ఉంది.

"పని గుర్తొచ్చింది వదినా..." అని నక్క తిరిగేలోపు మేక నాలుగడుగులు వెనక్కి వేసి ఒక్క కుమ్ము కుమ్మింది. నక్క తడిక దాటి ముళ్ళకంపలో పడింది. ఆ దాణా మానేశాక మేక మళ్ళీ పాలు చేపింది. ఎలుకకి క్షమాపణ చెప్పిందా అంటే, ఊఁ, ఎక్కడ!

నల్లనివన్నీ పెంటికలు కావు. వేలు చూపించేవాడి ఒంటికి ఏం అంటుకుందో ముందు చూడాలి.

ఇక లేవనివ్వండి. విత్తనం సజ్జలు ఉప్పునీళ్ళలో పోసి వచ్చాను. నల్లవి పైకి తేలి ఉంటాయి. వాటిని తీసిపారేసి, అడుగు గింజల్ని మంచినీళ్ళతో కడక్కపోతే మొలక చస్తుంది.