క్షీరతీగ దొరకని గుహ

కొండ మీద ఏదుపంది, ఏటి ఒడ్డున కుందేలు. ఆ అడవికి ఇద్దరే వైద్యులు. ఎవరి గుహలో వాళ్లు, గోడ బొరియల్లో వేర్లూ తీగలూ పేర్ల అక్షరాల వరసన దాచుకునేవాళ్లు. లోపల చీకటి. వరస గుర్తుంచుకుని తడుముకుంటూ తీయాల్సిందే.

ఆ యేడు కొండకు నిప్పంటుకుంది. ఏదుపంది మోయగలిగినంత మందు మూటగట్టుకుని దిగొచ్చింది. పెద్దరికం నెత్తినేసుకున్న నక్క, "అంతా ఏటి గుహలోనే సర్దెయ్, అత్తా" అంది.

"కుందేలు మేతకెళ్లింది, రానీ అల్లుడూ. మా వరసా తన వరసా ఒకటో కాదో అడగాలి."

"కొండమీద అ తర్వాత ఆ రాదా ఏమిటి?"

"వస్తుంది. క్ష దగ్గరే కాస్త..."

"ఒక్క అక్షరానికి సభ పెట్టాలా? ఆలస్యం అమృతం విషం. కానియ్!"

ఏదుపంది తన అలవాటు ప్రకారం సర్దేసింది. మిగతా అక్షరాల్లో తేడా లేక, తిరిగొచ్చిన కుందేలు ఏమీ గమనించలేదు.

వానలు పడ్డాయి. ఏదుపంది కొత్త వేర్లకని కొండకెళ్లిన రోజే నక్క పెళ్లాన్ని నాగుపాము కాటేసింది.

"చెల్లీ! విషానికి క్షీరతీగ తియ్యి!" పెళ్లాన్ని ఏటి గుహ ముందుకు మోసుకొచ్చి నక్క అరిచింది. పిల్లలూ వెంటే వచ్చాయి.

కుందేలు లోపలికి దూకింది. దాని లెక్కలో క్ష అన్నిటికన్నా చివర, ళ దాటాక. ఏదుపంది తెచ్చిన తీగ అక్కడే ఉంటుందని చేయి పెట్టింది. ఖాళీ.

"లేదన్నా."

"సరిగ్గా చూడు!"

"చూశాను. లేదు."

నక్క కొండకు పరుగెత్తింది. సగం దారిలో ఏదుపంది ఎదురైంది.

"క్షీరతీగా? గుహలోనే ఉంది కదయ్యా, క వరసలో!"

ఇద్దరూ రొప్పుతూ వచ్చేసరికి ఆడనక్క ఒళ్లు చల్లబడిపోయింది.

నక్క కుందేలు మీదికి లేచింది. "ఉన్నదాన్ని లేదన్నావు! చంపేశావు!"

"నేను వెతికిన చోట లేదు, అన్నా," అంది కుందేలు. "మాకు క్ష చివర."

"క కింద ష ఉంది కనక మాకు అది క వరసలోనే," అంది ఏదుపంది. "ఆ మాట చెప్పబోతే నువ్వే విననివ్వలేదు."

నక్క పెళ్లాం వైపు తిరిగింది. పిల్లలు తల్లి పొట్ట దగ్గర పాలకోసం మూతులు పెడుతున్నాయి. వాటిని లాగడానికి నక్కకు చేతులు రాలేదు.

మర్నాడు వైద్యులిద్దరూ కూర్చుని అన్ని మందులకూ ఒకే వరస పెట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు.

నీతి: సరుకు కలిపేముందు వరస కలపాలి.