పడవ పుస్తకంలో ఒక మాట

పడవ తన చేతికెప్పుడొస్తుందా అని గవరయ్యకు ఒకటే బెంగ. మఠంలో చేరి ఆరేళ్లయింది. తన వెనక వచ్చినవాళ్లు కూడా తెడ్డు పట్టేశారు. తనకు మాత్రం పుస్తకం రాసే పనే.

ఆ మఠం ఏటి ఒడ్డున ఉంది. వచ్చేపోయే జనాన్ని ఏరు దాటించడమే వాళ్ల సేవ. పడవకు ఏ మరమ్మతు చేసినా పుస్తకంలో రాయాలి, అది చూసుకునే జనాన్ని ఎక్కించాలి. మన గవరయ్య మహా చురుకైనవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. రోజంతా చేయాల్సిన పనుల్ని పొద్దున్నే ‘చేశాం, చేశాం’ అని రాసిపారేసేవాడు. సాయంత్రానికి ఎలాగూ అయిపోతాయి కదా అని ధీమా.

ఒకనాడు పడవ అడుగు పలకకు చిల్లు పడిందని ఇసుకలోకి లాగి ఉంచారు. గవరయ్య పొద్దున్నే ‘చిల్లు పూడ్చాం’ అని రాసేసి, గుగ్గిలం తేవడానికి లేచాడు. ఇంతలో పెద్దస్వామి వచ్చి పుస్తకం చదివారు. పడవెక్కి కూర్చుని, పుస్తకంలో మాట పైకి చదివి, సంతకు పోయేవాళ్లను రమ్మని పిలిచారు. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని బయల్దేరారు.

గవరయ్య అది చూశాడు. నిజం చెబితే ఇంతమందిలో పరువు పోతుంది, పడవ ఇక ఈ జన్మకు రాదు. చెప్పకపోతేనా, నడి ఏట్లో పడవలోకి నీళ్లు.

పరుగున వెళ్లి పడవకు అడ్డం నిలబడ్డాడు.

“ఎక్కకండమ్మా. చిల్లు పూడ్చలేదు. ఇప్పుడు పూడుస్తాను.”

“మరి పుస్తకంలో ఎవరు పూడ్చారు నాయనా?” అంది ఒక ముసలమ్మ.

స్వామి కలం అందించారు. గవరయ్య తల వంచుకుని ‘పూడ్చాం’ కొట్టేసి ‘పూడ్చాలి’ అని రాశాడు.

ఇక చూడాలి వాడి పని. పడవను బోర్లించి, కొబ్బరి పీచు కూరి, గుగ్గిలం కాచి పోసి, గట్టిపడేదాకా పక్కనే కూర్చున్నాడు. మధ్యాహ్నం ఒక్కడే రెండుసార్లు ఏరు దాటి వచ్చాడు. అడుగున చుక్క తడి లేదు. అప్పుడు రాశాడు, పూడ్చామని.

జనం ఎక్కారు. స్వామే తెడ్డు వేశారు. నడి ఏట్లోకి వచ్చాక పుస్తకం వైపు చూపు విసిరి, “రాసెయ్యి గవరయ్యా, జనాన్ని అవతలికి చేర్చామని” అన్నారు.

గవరయ్య పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇంకా దాటుతున్నాం స్వామీ.”

ముసలమ్మ పకపకా నవ్వింది. పడవంతా నవ్వింది.

స్వామి లేచి, తెడ్డు అతని చేతిలో పెట్టి, వెళ్లి జనం మధ్యన కూర్చున్నారు.

“అయితే దాటించు.”